ఏటికి ఎదురీదకుండా: లోతు తక్కువ రీఫ్ వెంట, చిన్న గుహల పక్కన డ్రిఫ్ట్ డైవింగ్

హైదరాబాద్‌లో స్కూబా నేర్చుకున్న మనందరికీ ఒక లోటు ఉంటుంది. మనం నేర్చుకునేది స్విమ్మింగ్ పూల్‌లో. అక్కడ నీరు కదలదు. మాస్క్‌లో నీళ్ళు తీసేయడం, ట్యాంక్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ జారిపోతే వెతికి పట్టుకోవడం, జోడీగా దిగే బడ్డీతో గాలి పంచుకోవడం, అన్నీ నిలిచిన నీటిలోనే అలవాటవుతాయి. సముద్రంలో మొదటిసారి నీరే మనల్ని పట్టుకుని నడిపిస్తే, మనం అడక్కుండానే కాళ్ళు ఎదురీదడం మొదలుపెడతాయి.

నాకది అండమాన్‌లో జరిగింది. 12 మీటర్ల లోతు, మెల్లని ప్రవాహం, ఎడమ పక్కన రాతి గోడ. ఒక చిన్న గుహ నోరు దాటిపోయాక అందులో ఏదో మెరిసినట్టనిపించి వెనక్కి తిరిగాను. పది పన్నెండు మీటర్ల దూరమే. మూడు నిమిషాలు గట్టిగా ఫిన్లు (కాళ్ళకి తొడిగే రెక్కలు) కొట్టాను, ఆ గుహ దగ్గరపడలేదు. ఊపిరి అందలేదు, గుండె దడదడలాడింది. ట్యాంక్‌లో ఎంత గాలి మిగిలిందో చూపే గేజ్ చూస్తే ముల్లు నేననుకున్నదానికంటే చాలా కిందికి పడిపోయి ఉంది. గైడ్ వచ్చి, నా భుజం పట్టుకుని, ఒక రాయి చాటుకి లాగి, కళ్ళలోకి చూస్తూ చేతితో 'మెల్లగా ఊపిరి తీసుకో' అని చూపించాడు. ఆ చాటులో ప్రవాహమే లేదు. రెండు మీటర్లు పక్కకి జరిగి ఉంటే సరిపోయేది.

ఏటికి ఎదురీదొద్దని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నీటిలో ఈ మాటకి లెక్క కూడా ఉంది: ప్రవాహ వేగం రెట్టింపైతే అది మన ఒంటి మీద తోసే బలం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి ప్రవాహంతో పాటే సాగిపోయే డ్రిఫ్ట్ డైవ్‌లో ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఒడ్డు మీద, బోటు మీద అయిపోవాలి. ఏ రోజు, ఏ గంటకు, ఎక్కడ దూకాలి, ఎక్కడ పైకి రావాలి, ఏ గుహ దగ్గర ఆగాలి, దేని జోలికి పోకూడదు అన్నవి ముందే తేలాలి. నీటిలోకి దిగాక కొత్త ఆలోచనకి తీరిక ఉండదు. ఈ వ్యాసం ఆ నిర్ణయాల గురించే.

ముందుగా, ఎవరికి ఇది

స్కూబాలో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉండి, సముద్రంలో కనీసం పదిహేను ఇరవై డైవ్‌లు చేసినవాళ్ళకి. ఈ అంకె ఏ సంస్థ నియమమూ కాదు, నా అభిప్రాయం. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ 18 మీటర్ల వరకు వెళ్ళనిస్తుంది, మనం మాట్లాడుకునే రీఫ్, అంటే నీటి అడుగున రాళ్ళూ పగడాలూ ఉన్న దిబ్బ, 6 నుంచి 14 మీటర్ల మధ్యే ఉంటుంది. అయితే 'లోతు తక్కువే కదా' అని తేలిగ్గా తీసుకుంటే పొరపాటు. 10 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో) గాలి రెట్టింపవుతుంది, ఊపిరితిత్తుల్లో గాలి కూడా అంతే. 30 మీటర్ల నుంచి 20కి వచ్చేటప్పుడు అంత మార్పు ఉండదు. లోతు తక్కువైన చోటే తేలుడు అదుపులో పెట్టుకోవడం కష్టం, ఊపిరి బిగబట్టడం ప్రమాదం.

హైదరాబాద్‌లోనే పూర్తి చేయాల్సిన సాధన

ట్రిప్‌కి నెల ముందు నుంచి, మీరు నేర్చుకున్న చోటే వారానికి ఒకసారి పూల్ అడగండి. లోతైన వైపు దొరికితే చాలు. నాలుగు పనులు చేతికి రావాలి.

మొదటిది కదలకుండా నిలబడడం. చేతులు కట్టుకుని, నేలకి ఒక మీటరు ఎత్తులో, రెండు నిమిషాలు పైకీ కిందికీ పోకుండా ఊపిరితోనే తేలాలి. చేతులు ఆడించారంటే లెక్కలోకి రాదు. పగడాల మీద పడకుండా ఉండడం, గుహ ముందు మట్టి లేపకుండా ఉండడం, రెండూ దీని మీదే ఆధారపడ్డాయి.

రెండోది ఫిన్ల వాడకం. పైకీ కిందికీ కొట్టే మామూలు కిక్ రీఫ్ దగ్గర పనికిరాదు, ఇసుక లేస్తుంది. కప్ప కాళ్ళలా పక్కలకి తోసే ఫ్రాగ్ కిక్, ఉన్నచోటే గుండ్రంగా తిరగడం, వీలైతే వెనక్కి జరిగే కిక్ నేర్చుకోండి. వెనక్కి జరగడం చాలామంది పట్టించుకోరు. గుహ నోటి ముందు ఆ ఒక్క విద్యే మిమ్మల్ని కాపాడుతుంది.

మూడోది సర్ఫేస్ మార్కర్ బోయ్ పైకి వదలడం. బోటు మిమ్మల్ని వెతికి పట్టుకునేది ఈ ఎర్రటి, నారింజ రంగు గాలి గొట్టాన్ని చూసే. మోకాళ్ళ మీద కూర్చుని కాదు, తేలుతూ వదలాలి. ముందు తలెత్తి పైన ఎవరూ లేరని చూడండి. కొంచెం గాలే నింపండి, పైకి పోయేకొద్దీ అదే ఉబ్బుతుంది. 10 మీటర్ల దగ్గర సగం నింపితే పైకి చేరేసరికి నిండిపోతుంది. బోయ్ దారం చుట్టి ఉండే రీల్‌ని ఒంటికి క్లిప్ చేసి మాత్రం వదలకండి. దారం చిక్కుపడితే బోయ్ మిమ్మల్ని కూడా పైకి లాక్కెళ్తుంది. చేతిలో వదులుగా పట్టుకోండి, ఇరుక్కుంటే వదిలేయండి. బోయ్ పోతే కొత్తది కొనుక్కోవచ్చు.

నాలుగోది చెవులు. డ్రిఫ్ట్‌లో అందరూ ఒకేసారి త్వరగా కిందికి దిగాలి. ఒకరు చెవి నొప్పితో పైనే ఆగిపోతే, ప్రవాహం రెండు నిమిషాల్లో గుంపుని చెదరగొడుతుంది. పూల్‌లో ప్రతి అర మీటరుకీ, నొప్పి రాకముందే ఈక్వలైజ్ చేయడం, అంటే ముక్కు మూసి మెల్లగా ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేయడం, అలవాటు చేసుకోండి. జలుబు చేస్తే ట్రిప్ ఖర్చు దండగైనా సరే, ఆ డైవ్ మానేయాలి.

తేదీ ఎంచుకోవడం: గోడ మీది క్యాలెండర్, ప్రగతి నగర్ కబురు

నాకు ఈ భాగం అన్నిటికంటే ఇష్టం, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

తీరం దగ్గర నీటిని నడిపించేవాటిలో మొదటివి ఆటుపోట్లు. మన తీరాల్లో రోజుకి సుమారు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటు నుంచి ఆటుకి ఆరు గంటల పైచిలుకు. అమావాస్య, పున్నమి దగ్గర సూర్యచంద్రుల లాగుడు ఒకే వరసలో పడుతుంది కాబట్టి పోటుకీ ఆటుకీ తేడా ఎక్కువ, నీరు పరిగెత్తుతుంది. అష్టమి దగ్గర ఆ లాగుళ్ళు అడ్డంగా పడతాయి కాబట్టి తేడా తక్కువ, నీరు నిదానిస్తుంది. ఈ ప్రభావం తిథి కంటే ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనబడుతుంది. అంటే మీ ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ సగం పని చేసిపెట్టింది. మొదటి డ్రిఫ్ట్ డైవ్‌కి నేనైతే నవమి, దశమి చుట్టూ తేదీలు చూసుకుంటాను. పున్నమి వెన్నెల్లో బీచ్ ఎంత అందంగా ఉన్నా, మరుసటి రోజు నీరు కొత్తవాళ్ళకి కాదు.

ఒకే రోజులోనూ వేగం మారుతుంది. ఆరు గంటల ఆటులో మొదటి గంట, చివరి గంట మెల్లగా, నడిమి రెండు గంటలు వడిగా ఉండడం సాధారణం. కానీ దీన్ని గుడ్డిగా నమ్మకండి. కొండకొమ్ము సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట, రెండు దీవుల మధ్య సందులో, నీరు ఎప్పుడు మళ్ళుతుందో ఆ చోటికే ప్రత్యేకం. అది అక్కడి బోటు కెప్టెన్‌కి తెలుస్తుంది, పుస్తకానికి తెలియదు. అండమాన్‌లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. మా బోటు నడిపినాయన తాతలది శ్రీకాకుళం వైపు. నేను చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్కపెట్టేది) చూసుకుంటుంటే, లంగరు తాడు పక్కన నురగ ఎటు సాగుతుందో చూపించి, "నీరెటెల్తందో సూడండి బాబూ, మీరెటెల్లాలో అదే సెప్తది" అన్నారు. అప్పటి నుంచి దూకేముందు లంగరు తాడు, దగ్గర్లోని బోయ్, నీటి మీద తేలే ఆకు, ఈ మూడూ చూస్తాను.

విశాఖ తీరంలో తిథి ఒక్కటే చాలదు. బంగాళాఖాతంలో మన తీరం వెంట ఒక పెద్ద ప్రవాహం ఉంది, రుతువుని బట్టి దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి వేసవి వరకు ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు దక్షిణానికి నడుస్తుంది. ఆటుపోట్లు దీనితో కలిసినప్పుడు ఒకలా, ఎదురైనప్పుడు ఒకలా ఉంటుంది. అదే రాయి దగ్గర మార్చిలో చేసిన డైవ్, నవంబర్‌లో తలకిందులుగా చేయాల్సి రావచ్చు.

ఇక అలలు. సముద్రం లేని మన నగరంలోనే, నిజాంపేట పక్కన ప్రగతి నగర్‌లో, భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఉంది. అందరూ ఇన్‌కాయిస్ అంటారు. 1999లో మొదలైంది. దేశంలోని జాలర్లకీ ఓడలకీ అలల ఎత్తు, గాలి, ప్రవాహాలు, ఆటుపోట్ల అంచనాలు, సునామీ హెచ్చరికలు ఇక్కడి నుంచే వెళ్తాయి. ట్రిప్‌కి నాలుగు రోజుల ముందు నుంచి రోజూ ఉదయం వాళ్ళ అంచనా చూడండి. హెచ్చరిక ఉన్న రోజు బోటు వాళ్ళు సరేనన్నా మీరు వద్దనండి.

అంచనాలో అందరూ అల ఎత్తు చూసి ఊరుకుంటారు. గుహలున్న రీఫ్‌కి అంతకంటే ముఖ్యమైనది అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లు అన్నది. ఎత్తు ఒక మీటరే అనుకుందాం. దగ్గరి గాలికి పుట్టిన 6 సెకన్ల అల పొడవు సుమారు 56 మీటర్లు, 10 మీటర్ల లోతుకి వచ్చేసరికి నీరసపడిపోతుంది. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో తుఫానుకి పుట్టి వచ్చే 14 సెకన్ల అల పొడవు 300 మీటర్లు దాటుతుంది. పైన చూస్తే నునుపుగా, ప్రశాంతంగా కనబడుతుంది, కానీ అడుగున నీటిని ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపుతుంది. ఈ ఊపునే డైవర్లు సర్జ్ అంటారు. చిన్న గుహలో సర్జ్ అంటే మిమ్మల్ని లోపలికి పీల్చి, పైకప్పుకి కొట్టి, బయటికి కక్కడం. నా నియమం ఇది: సెకన్లు పది దాటితే గుహల దగ్గరికి వెళ్ళను, పన్నెండు దాటితే ఆ లోతు తక్కువ రీఫ్‌కే వెళ్ళను.

ఎక్కడికి వెళ్ళాలి

గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. రుషికొండ వైపు రాతి దిబ్బలున్నాయి, నీరు తేటగా ఉండే రోజులు మాత్రం మన అదృష్టం. పడమటి తీరంలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి, గోవా గ్రాండ్ ఐలాండ్ ఉన్నాయి. అక్కడ అక్టోబర్ నుంచి మే వరకే, వానాకాలంలో బోట్లు ఆగిపోతాయి. అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్, అంటే పాత హావ్‌లాక్, చుట్టుపక్కల తేట నీరు, మంచి పగడాలు, అనుభవం ఉన్న గైడ్లు దొరుకుతారు. మొదటి డ్రిఫ్ట్‌కి అండమాన్‌నే ఎంచుకోమంటాను. ఖర్చు ఎక్కువే, కానీ ముందున్న రాయి ఇరవై మీటర్ల దూరం నుంచే కనబడడం ఈ డైవ్‌లో చాలా పెద్ద భద్రత.

బుక్ చేసేముందు ఫోన్‌లో ఒక్క ప్రశ్న అడగండి: "మేం నీటిలో ఉన్నంతసేపూ బోటు మా వెనకే వస్తుందా, లంగరేసి ఉంటుందా?" డ్రిఫ్ట్ డైవ్‌కి ఇంజిన్ నడుస్తున్న బోటు వెనకే రావాలి, దాని మీద నడిపేవాడు కాక నీటినే చూస్తూ ఉండే ఇంకో మనిషి ఉండాలి. జవాబు నసిగితే వేరే చోటు చూసుకోండి.

సామాను

మామూలు స్కూబా సామానుకి తోడు ప్రతి ఒక్కరి దగ్గరా సొంత బోయ్, కనీసం 15 మీటర్ల దారంతో రీల్, ఈల, దారం కోసే చిన్న కత్తి, టార్చ్, డైవ్ కంప్యూటర్ ఉండాలి. 3 మిల్లీమీటర్ల సూట్ పొడుగు చేతులది వేసుకోండి, రాళ్ళ దగ్గర మోచేతులు గీసుకుపోతాయి. వేలాడేవి ఏవీ ఉండకూడదు. గేజ్, ఆక్టోపస్ (అదనపు రెగ్యులేటర్) ఒంటికి దగ్గరగా క్లిప్ చేయండి. కెమెరా మొదటి రెండు డ్రిఫ్ట్‌లకి గదిలో వదిలేయండి.

బోటు మీద లెక్క

గాలి లెక్క నోటితో పైకి చెప్పుకోండి. మామూలు అల్యూమినియం ట్యాంక్ 11 లీటర్లు, 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) నింపితే 2,200 లీటర్ల గాలి. పైన నిమిషానికి 20 లీటర్లు వాడే మనిషి 10 మీటర్ల దగ్గర 40 వాడతాడు. 70 బార్ దగ్గర పైకి బయల్దేరాలంటే చేతిలో ఉన్నది 130 బార్, అంటే 1,430 లీటర్లు, 35 నిమిషాలు. ఎదురీదితే వాడకం రెండు మూడు రెట్లవుతుంది, అదే గాలి పావుగంట అటూఇటూగా అయిపోతుంది. నేను అండమాన్‌లో పోగొట్టుకున్నది అదే. 12 మీటర్ల దగ్గర మొదటి డైవ్‌కి నైట్రోజన్ పరిమితి (ఒంట్లో నైట్రోజన్ ఎక్కువగా పేరుకోకుండా ఉండగలిగే సమయం) గంటన్నరకు పైనే ఉంటుంది కాబట్టి ఈ లోతుల్లో ముందు అయిపోయేది గాలే.

తర్వాత దూరం. ఒక నాట్ ప్రవాహం అంటే నిమిషానికి సుమారు 31 మీటర్లు. 35 నిమిషాల్లో కిలోమీటరు దాటిపోతారు. అర నాట్ అయితే అర కిలోమీటరు. ఇప్పుడు రీఫ్ పొడవు ఎంతో అడగండి. రీఫ్ 400 మీటర్లే అయి, ప్రవాహం ఒక నాట్ ఉంటే, పావుగంటలోపే రీఫ్ అయిపోయి ఇసుక మైదానం మీద, ఒక్కోసారి లోతు నీటి మీద ఉంటారు. అప్పుడు ఏం చేయాలో ముందే తేల్చుకోండి. మొదటి డ్రిఫ్ట్‌కి అర నాట్ చాలు. ఒక నాట్ దాటితే కొత్తవాళ్ళతో దిగొద్దని నా గట్టి మాట.

బ్రీఫింగ్‌లో గైడ్‌ని పలకమీద బొమ్మ గీయమనండి. ఎక్కడ దూకుతాం, గోడ ఏ పక్క ఉంటుంది, గుహలు ఎన్ని, ఏ లోతులో, వాటిలో దేని ముందు ఆగుతాం, పైకి వచ్చే చోటు ఏది. బడ్డీ తప్పిపోతే ఒక నిమిషం చుట్టూ వెతికి, కనబడకపోతే ఇద్దరూ పైకి వచ్చేయాలి. ఈ మాట అందరూ ఒప్పుకున్నాకే బోటు కదలాలి. తెలియనిది అడగడానికి మొహమాటపడకండి. "అన్నా, ఇంకోసారి చెప్పు" అంటే ఏ మంచి గైడూ విసుక్కోడు.

దూకడం

ట్యాంక్ వాల్వ్ పూర్తిగా తెరిచి, గేజ్ చూస్తూ నాలుగు ఊపిర్లు తీసుకోండి. ముల్లు కదిలిందంటే వాల్వ్ సరిగా తెరుచుకోలేదు. అందరూ బోటు అంచున కూర్చుని, కెప్టెన్ లెక్కపెట్టగానే ఒకేసారి వెనక్కి పడాలి. ఇంజిన్ గేర్‌లోంచి తీశాకే కెప్టెన్ లెక్కపెడతాడు, ఆయన నోట మాట రాకుండా ఎవరూ పడకూడదు. అనుభవం ఉన్నవాళ్ళు బీసీడీలో గాలి లేకుండా పడి నేరుగా దిగిపోతారు. కొత్తవాళ్ళు కొంచెం గాలితో పడి, పైన బడ్డీని చూసి, సరేనని వేళ్ళతో చూపించి, ఆ వెంటనే దిగండి. పైన ఐదు నిమిషాలు కబుర్లు చెప్పుకుంటే రీఫ్ మొదలు దాటిపోతుంది.

నీరు నడుపుతుంటే

ఇక మీరు చేయాల్సింది దిశ సరిచూసుకోవడమే. అడుగుకి దగ్గరగా ప్రవాహం మెల్లగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ వడి. ఇద్దరు బడ్డీలు వేరువేరు ఎత్తుల్లో ఉంటే, ఏ తప్పూ చేయకుండానే దూరమైపోతారు. ఒకే ఎత్తు, పక్కపక్కన, రీఫ్‌కి ఒకటి రెండు మీటర్ల పైన. చూపు ఎప్పుడూ ముందుకి, పది మీటర్ల దూరంలో వచ్చేదాని మీద. ముందు ఎత్తైన రాయి కనబడితే అప్పుడే పక్కకి జరగడం మొదలుపెట్టండి, తగిలే దాకా ఆగకండి. పక్కకి జరగడానికి అడ్డంగా కొట్టే రెండు మూడు కిక్‌లు చాలు.

నీటిని చదవడానికి అక్కడి ప్రాణులే సాయం. చేపలు ప్రవాహానికి ముఖం పెట్టి నిలబడతాయి. విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్లు ఆ చోట నీరు ఎక్కువగా నడిచే దిక్కుకి అడ్డంగా పెరుగుతాయి. ముందున్న చేపలన్నీ ఒక్కసారిగా వేరే వైపు తిరిగాయంటే అక్కడ నీరు మళ్ళుతోందని అర్థం.

ఆగాలనుకుంటే ఎదురీదొద్దు. పెద్ద రాయి వెనక, ప్రవాహం తగలని చాటుకి జారుకోండి. పట్టుకోవాల్సి వస్తే ప్రాణం లేని బోడి రాయిని రెండు వేళ్ళతో పట్టుకోండి, అది కూడా బాగా చూశాకే. రాయిలా కనబడేది స్టోన్ ఫిష్ కావచ్చు, దాని ముళ్ళు విషం. పగడాన్ని పట్టుకోవడం వద్దే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, పులితో పాటు మన రాతి పగడాలూ సీ ఫ్యాన్లూ ఉన్నాయి. ఒక చెయ్యి వేస్తే ఏళ్ళ తరబడి పెరిగిన కొమ్మ విరుగుతుంది. నాకు ఇది చట్టం కంటే ఎక్కువ బాధ.

చిన్న గుహల దగ్గర

ఇలాంటి రీఫ్‌లలో మూడు రకాలు కనబడతాయి. రాయి ముందుకి వంగి చూరులా ఉండేవి, ఒకే నోరు ఉన్న గూళ్ళు, ఇటు నుంచి అటు దారి ఉన్న సొరంగాలు. మొదటి రకం కింద నిలబడి చూడవచ్చు. రెండో రకంలోకి వెళ్ళకూడదు. మూడోదానికి షరతులున్నాయి.

లోపలికి ఎందుకు వెళ్ళకూడదంటే, మొదటి కారణం, నెత్తిన రాయి ఉంటే నేరుగా పైకి రాలేం. మనం నేర్చుకున్న ఆపద ఉపాయాలన్నీ 'పైకి వచ్చేయడం' మీద ఆధారపడ్డవే. గుహ డైవింగ్‌కి వేరే శిక్షణ ఉంది, వేరే దారం, రెండు మూడు టార్చ్‌లు, గాలిలో మూడో వంతు వాడి వెనక్కి తిరిగే లెక్క ఉన్నాయి. ఐదు మీటర్ల గూడు కదా అని ఆ నియమం మారదు. రెండో కారణం ప్రవాహమే. ఇరుకైన చోట నీరు వేగం పుంజుకుంటుంది. బయట అర నాట్ ఉన్న నీరు సొరంగం నోట్లో అంతకంటే బాగా వడిగా ఉండవచ్చు, లోపలికి తీసుకుపోతుంది కానీ వెనక్కి రానివ్వదు. మూడోది మట్టి. గుహ అడుగున పేరుకున్న మెత్తటి బురద ఒక్క ఫిన్ తగిలితే లేచి, టార్చ్ వెలుతురుని కూడా మింగేస్తుంది. పైకప్పు దగ్గర చిక్కుకున్న గాలి బుడగ కనబడితే అందులో తల పెట్టి ఊపిరి పీల్చకండి, అది పీల్చదగ్గ గాలి కాదు.

కాబట్టి చూసే పద్ధతి ఇది. గుహ నోటికి నేరుగా ఎదురుగా కొట్టుకుపోకండి. కొంచెం ముందే పక్కకి జరిగి, నోరు దాటిన వెంటనే ఉన్న రాతి చాటులో ఆగండి. అక్కడి నుంచి, నోటికి రెండు మీటర్ల దూరంలో, ఒక పూర్తి నిమిషం ఏమీ చేయకుండా చూడండి. లోపలి చిన్న చేపలు, నోటి దగ్గరి నాచు ముందుకీ వెనక్కీ ఊగుతున్నాయా? ఎంత దూరం? మోచేయి పొడవుకి మించి ఊగితే ఇంకా దగ్గరికి పోవద్దు. ఊగకపోతే, టార్చ్‌ని పక్క నుంచి మెల్లగా తిప్పండి, చేపల కళ్ళలోకి నేరుగా కొట్టకండి. గాజులా మెరిసే స్వీపర్ చేపల గుంపు ఒక్కటై తిరగడం, ఎర్రటి సోల్జర్ చేపలు, రాతి పగుల్లోంచి మీసాలు మాత్రమే చాపిన లాబ్‌స్టర్లు, నోరు తెరిచి మూస్తూ ఊపిరి తీసుకునే మోరే ఈల్, ఇవన్నీ ఆ గడప దగ్గరి నుంచే కనబడతాయి. ఈల్ నోరు తెరిచేది బెదిరించడానికి కాదు, మొప్పల మీదుగా నీరు పంపుకోవడానికి. అండమాన్‌లో కొన్ని గూళ్ళలో తెల్ల మొన రీఫ్ షార్క్‌లు పగలు పడుకుని ఉంటాయి. వాటి దారికి అడ్డంగా ఉండకుండా పక్కనే ఉండి చూడండి.

సొరంగం గుండా వెళ్ళాలంటే ఇవన్నీ నిజమై ఉండాలి: ఈ చివర నుంచి ఆ చివర వెలుతురు కనబడాలి. ఇద్దరు పక్కపక్కన పట్టేంత వెడల్పు ఉండాలి. దారి వంకర పోకూడదు. అడుగున బురద లేదని, నీరు నిలకడగా ఉందని గైడ్ చూసి ఉండాలి. ముందు గైడ్, వెనక ఒక్కొక్కరుగా. ఇందులో ఒక్కటి లేకపోయినా పక్క నుంచి చుట్టి వెళ్ళండి, అవతల అందరూ కలుస్తారు. అవతల ఎవరూ 'ఎందుకు రాలేదు' అని అడగకూడదని బోటు మీదే ఒప్పందం చేసుకోవాలి.

ఊపు మిమ్మల్ని నోట్లోకి లాగేసిందనుకోండి. వెనక్కి తిరిగి తన్నుకోకండి. ఒక చెయ్యి తల పైన పెట్టి కప్పు తగలకుండా చూసుకోండి, రెండో చేత్తో బోడి రాయిని పట్టుకోండి, ఊపిరి ఆపకండి. లోపలికి వచ్చిన ఊపు కొన్ని సెకన్లలో బయటికి మళ్ళుతుంది. అది మళ్ళినప్పుడు చెయ్యి వదిలి దానితో పాటు బయటికి రండి.

పైకి రావడం, బోటు ఎక్కడం

100 బార్ అయినప్పుడు గైడ్‌కి చూపించండి. 70 దగ్గర రీఫ్ నుంచి పక్కకి జరిగి, నీళ్ళు ఖాళీగా ఉన్న చోట బోయ్ వదలండి. నిమిషానికి 9 మీటర్లకి మించకుండా పైకి రండి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగండి. ఆగడం అంటే ఉన్నచోట ఉండడం కాదు, ఆ లోతులో ప్రవాహంతో పోతూ ఉండడం. బోయ్ దారం బిగుతుగా పట్టుకుంటే అది నిలువుగా నిలబడుతుంది, దూరానికి కనబడుతుంది. పైకి తేలాక 50 బార్ మిగిలి ఉండాలి.

తేలగానే బీసీడీ నింపండి. బోటు దూరంగా ఉంటే గుంపంతా ఒకరి చేతులొకరు పట్టుకోండి. చెదిరిన నలుగురి తలలకంటే కలిసిన నలుగురు తొందరగా కనబడతారు. ఒకసారి, బయట వాన మొదలై, బోటు మాకు కనబడకుండా పోయింది. పన్నెండు నిమిషాలు అలా ఉన్నాం. మాలో ఒకరు ఒడ్డు దగ్గరే కదా ఈదుదామన్నారు. వద్దన్నాం. బోయ్ ఎత్తి పట్టుకుని, మధ్యమధ్యలో ఈల వేస్తూ ఉండిపోయాం, బోటు అదే ప్రవాహం వెంట వెతుక్కుంటూ వచ్చింది. విడిపోయి ఈది ఉంటే ఏ దిక్కున వెతకాలో వాళ్ళకి తెలిసేది కాదు.

బోటు దగ్గరికొచ్చినా కెప్టెన్ పిలిచేదాకా ఈదుకుంటూ వెళ్ళకండి. ప్రొపెల్లర్ ఆగాలి. మాస్క్, రెగ్యులేటర్ నిచ్చెన ఎక్కేదాకా ఉంచుకోండి. పైన ఎవరైనా ఎక్కుతుంటే కింద నిలబడకండి, వాళ్ళ ట్యాంక్ జారితే మీ తల మీదే.

హైదరాబాద్ తిరిగి వచ్చే దారి

ఒంట్లో పేరుకున్న నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి కాబట్టి, ఒకే ఒక్క డైవ్ చేస్తే విమానానికి కనీసం 12 గంటలు, రోజుకి ఎక్కువ డైవ్‌లో, వరసగా కొన్ని రోజులో చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. సోమవారం ఆఫీసు కాబట్టి ఆదివారం పొద్దున డైవ్ చేసి రాత్రి ఫ్లైట్ ఎక్కేద్దాం అనిపిస్తుంది, వద్దు. శనివారం మధ్యాహ్నం 12కి చివరి డైవ్ ముగిస్తే ఆదివారం ఉదయం 6 తర్వాత ఎప్పుడైనా బయల్దేరవచ్చు. గోవా నుంచో మురుడేశ్వర్ నుంచో కారులో వచ్చేవాళ్ళు ఇంకోటి మర్చిపోతారు: దారిలో పడమటి కనుమలు ఎక్కాలి, అక్కడ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఆ రాత్రి తీరంలోనే పడుకుని, పొద్దున్నే ఘాట్ ఎక్కండి. నీళ్ళు బాగా తాగండి. కీళ్ళ నొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిరి, వింత అలసట కనబడితే అలసటలే అని సరిపెట్టుకోకుండా డైవ్ చేశామని చెప్పి డాక్టర్‌ని కలవండి.

లాగ్‌బుక్‌లో లోతు, సమయంతో పాటు ఆ రోజు తిథి, దూకిన గంట, నీరు ఏ దిక్కుకి ఎంత వడిగా పోయింది, అల సెకన్లు ఎన్ని, ఏ గుహ ముందు ఆగారు, దేన్ని వదిలేశారు అని రాయండి. ఇంటికొచ్చాక సామానంతా మంచినీళ్ళలో నానబెట్టండి. బీసీడీ లోపల కూడా నీళ్ళు పోసి, కదిపి, ఒంపేసి, సగం గాలి నింపి నీడలో ఆరేయండి. రీల్ దారం మొత్తం బయటికి తీసి, ఉప్పు పోయేదాకా కడిగి, ఆరాక చిక్కులేకుండా చుట్టండి.